అన్నిటికీ నో

"ఎప్పుడైనా అరెస్టయ్యారా?"

"నో!"

"ఎప్పుడైనా పన్ను ఎగ్గొట్టారా?"

"నో!"

"ఎప్పుడైనా తాగి తందనాలాడారా?"

"నో!" అని అరిచారు అందరూ. వెనక వరసలోంచి ఐతరాజ్ రాయ్ మాత్రం, "దశైఁ పండగ రోజులు లెక్కలోకి రావు కద సార్?" అన్నాడు. గదంతా గొల్లుమంది.

ఖేమ్ సార్ నవ్వలేదు. క్లార్క్‌స్టన్‌లో ఆదివారంపూట పౌరసత్వం క్లాసు ఆయనదే. భూటాన్ తరిమేస్తే నేపాల్ శిబిరాల్లో మగ్గి, అక్కణ్ణించి అమెరికాలో ఈ జార్జియాకొచ్చి పడ్డ మనవాళ్ళందరికీ ఆయన మాటే వేదం. ఎందుకంటే ఆయనకి ఇంగ్లీషు వచ్చు, టై కట్టుకుంటాడు. బెదిరిపోయిన జనం మధ్య ఆ మాత్రం చాలు, పెద్దమనిషి అయిపోవడానికి.

"'ఎప్పుడైనా' అని వినబడిందా, నోటెంట 'నో' రావాలి. ప్రశ్న మీకు అర్థం కానక్కర్లేదు. ఆలోచించారో, పోయారే! వీడేదో దాస్తున్నాడని ఆఫీసరు పట్టేస్తాడు. ఏదీ, మళ్ళీ!"

మూడో వరసలో దేవీచరణ్ సివాకోటి నోరు తెరిచి మూసేశాడు. మొదటి ప్రశ్నకి అతని గొంతులోంచి 'నో' రాలేదు. మంగళవారం అతని ఇంటర్వ్యూ.

అతను అరెస్టయ్యాడా, లేదా? ఆ సంగతి అతనికే తెలీదు.

కిందటి వేసవిలో జరిగింది. కోళ్ళ ఫ్యాక్టరీలో పని దిగి వ్యాన్లో ఇళ్ళకొస్తున్నారు. వ్యాన్ దేవీచరణ్‌ది, నడిపేదీ అతనే, ఐతరాజ్‌తో కలిపి ఏడుగురు అందులోనే వెళ్ళొస్తారు. ఒక స్టాప్ బోర్డు దగ్గర వ్యాన్ నెమ్మదించింది గాని పూర్తిగా ఆగలేదు. వెనకనుంచి పోలీసు కారు లైట్లు వేసింది. కుర్ర పోలీసొకడు వచ్చి చలానా రాసి, అట్టా పెన్నూ కిటికీలోంచి లోపలికి చాచి, "ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు.

దీనికి ఎవడూ ఆలోచించడు. గీకి పారేసి ఇంటికి పోతాడు. దేవీచరణ్ చెయ్యి లేవలేదు.

అతనికి పద్దెనిమిదేళ్ళప్పుడు, భూటాన్ చిరాంగ్‌లో వాళ్ళ నారింజ తోట కిందున్న ఆఫీసులో, తండ్రి ముందు ఇలాగే ఒక కాగితం పెట్టారు. ఆ లిపి తండ్రికి రాదు. పెట్టమన్నచోట పెట్టాడు. ఫొటోకి నవ్వమన్నారు, నవ్వాడు. నా ఇష్టం కొద్దీ దేశం విడిచి పోతున్నానని ఆ కాగితంలో రాసుందట. అది తెలిసేసరికి తోట పోయింది, ఇల్లు పోయింది, దేశం పోయింది. శిబిరంలో వెదురు గుడిసెలో తండ్రి కన్నుమూస్తూ కొడుకు మణికట్టు పట్టుకుని, "చదవకుండా దేనిమీదా చెయ్యి పెట్టకురా కాంఛా" అన్నాడు.

అందుకని, "నో సైన్" అన్నాడు దేవీచరణ్.

ఇది తప్పు ఒప్పుకున్నట్టు కాదనీ, కోర్టుకి జవాబు చెప్పుకుంటానని మాట ఇచ్చినట్టనీ ఆ కుర్రాడు గబగబా చెప్పాడు. ఒక్క ముక్క ఎక్కలేదు. "నో సైన్." కుర్రాడి మొహం ఎర్రబడింది. దిగమన్నాడు. చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేసి, తీసుకెళ్ళి తన కారు వెనక సీట్లో కుదేశాడు. వ్యాన్లో ఉన్న ఏడుగురూ తలలు దించుకున్నారు. మనవాళ్ళు బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే. చివరికి ఐతరాజే ఫోన్ తీసి దేవీచరణ్ కూతురు మేనుకకి కలిపాడు. ఆ పిల్ల ఫోన్లో పోలీసుతో మాట్లాడి, ఆ కాగితం అక్షరం అక్షరం చదివించుకుని, తండ్రికి మన భాషలో చెప్పింది. అప్పుడు సంతకం పెట్టాడు. సంకెళ్ళు తీశారు. జరిమానా కట్టాడు, రసీదు తెచ్చుకున్నాడు. అయిపోయిందనుకున్నాడు.

ఆదివారం సాయంత్రం మేనుక వంటింటి బల్ల మీద తండ్రి పౌరసత్వం ఫారం నకలు పరుచుకుని కూర్చుంది. పక్కన గుంద్రుక్ పులుసు చల్లారిపోతోంది.

"ఇది నింపిందెవరు బా?"

"ఖేమ్ సార్."

"పోలీసులు ఎప్పుడైనా ఆపారా, చలానా రాశారా అన్నదానికి నో అని ఉంది."

"అన్నిటికీ అంతే రాశాడు. అందరికీ అంతేనట."

"నువ్వు చదివావా?"

దేవీచరణ్ ఫారం కాగితాల అంచులు సర్దాడు.

"పోలీసు కాగితం చదవందే పెట్టనని సంకెళ్ళు వేయించుకున్న మనిషివి. దీనిమీద ఎలా పెట్టావు?"

"వాడు పోలీసు. ఈయన మనవాడు."

"బాగుంది! మనవాడు ముంచితే మునగచ్చన్నమాట." మేనుక నెత్తి కొట్టుకుంది. "అక్కడ ప్రమాణం చేయిస్తారు బా. చలానా ఉన్నంత మాత్రాన పౌరసత్వం ఎవరూ కాదనరు. లేదని అబద్ధమాడితే అది వేరే. అడిగినప్పుడు చెప్పి దిద్దించుకో."

పొయ్యి దగ్గర్నుంచి తల్లి పవిత్ర గరిటెతో సహా ఇటు తిరిగింది. "నువ్వు నోర్ముయ్యవే. మీ తాత దగ్గర భూమి పన్ను రసీదులన్నీ ఉండేవి, చూపించాడు. దేశంలో ఉంచారా? మొన్న పెన్సిల్వేనియాలో మనవాళ్ళని పట్టుకెళ్ళి విమానం ఎక్కించలేదూ? తీసుకెళ్ళి ఆ భూటాన్లోనే దింపారు. వాళ్ళు వెంటనే సరిహద్దు దాటించి తోలేశారు. మళ్ళీ ఏ దేశమూ లేకుండా పోయారు. ఈయన వెళ్ళి సంకెళ్ళ కథ చెప్పుకుంటాడా?"

"వాళ్ళవి వేరే కేసులు ఆమా."

"నీకు వేరు. ఆ విమానానికి వేరు కాదు."

దేవీచరణ్ పులుసు ముట్టకుండా లేచాడు.

సోమవారం పని నుంచి వస్తూ ఖేమ్ సార్ ఇంటి మెట్లెక్కాడు. సార్ బనీను మీద ఉన్నాడు.

"సార్, నా చలానా సంగతి ఫారంలో రాయలేదు కదా..."

"ఎవడికి రాశాను గనక? చలానాలు ఎవడికి లేవు? నాకు లేవా? నేను సిటిజన్ని కాలా?"

"చలానాతో పోలేదు సార్. సంకెళ్ళు..."

"ష్!" సార్ అటూ ఇటూ చూసి తలుపు దగ్గరగా వేశాడు. "ఆ మాట చచ్చినా అనకు. కాసేపు కార్లో కూర్చోబెడితే అరెస్టా? చూడు దేవీచరణ్, నువ్వు అక్కడ నోరు జారావనుకో, ఈ ఫారం ఎవడు నింపాడంటారు. నేను నింపినవన్నీ బయటికి లాగుతారు. ఊరంతా నీ పేరు చెప్పుకుని ఏడుస్తుంది. సుఖంగా నో అనేసి రా."

దేవీచరణ్ మెట్లు దిగాడు. ఒక్క మనిషి తన భయాన్ని తెచ్చి ఊరి భయమని మెడలో వేస్తే ఎంత బరువుంటుందో ఆ మెట్లు దిగుతుంటే తెలిసింది.

మంగళవారం పొద్దున అట్లాంటా ఆఫీసు హాల్లో ఐతరాజ్ కూడా కూర్చుని ఉన్నాడు. అతనిదీ ఇవాళే. పక్కనే ఖేమ్ సార్, టైతో. దేవీచరణ్ చంకలో గుడ్డసంచి ఉంది. అందులో ఈ దేశం వచ్చినప్పట్నుంచి కట్టిన ప్రతి దానికీ రసీదుంది, ఆఖరికి గ్యాసు బిల్లుతో సహా. రసీదు చూపించు, లేకపోతే నువ్వు ఈ దేశపు మనిషివి కావు అనిపించుకున్న జనం కాగితం పారేస్తారా?

"దాజు, సంచిలో వంకాయలు కూడా తెచ్చావా?" అని అన్న వరసలో పలకరించాడు ఐతరాజ్. నవ్వబోయాడు గాని అతని పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

ఖేమ్ సార్ వంగి గుసగుసలాడాడు. "గుర్తుందిగా?"

అంతలో పేరు పిలిచారు.

ఆఫీసరు నల్లజాతి ఆవిడ, పెద్ద వయసు. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. నిలబెట్టి చెయ్యి ఎత్తించి, నిజమే చెబుతానని ప్రమాణం చేయించింది. కూర్చోమంది. ఒక వాక్యం చదివించింది, ఒక వాక్యం రాయించింది, జెండాలో చారల సంగతి అడిగింది. అన్నీ చెప్పాడు. ఆవిడ "బాగుంది" అని పేజీ తిప్పింది.

"ఎప్పుడైనా ఈ దేశంలో ఓటు వేశారా?"

"నో."

"ఎప్పుడైనా పన్ను కట్టకుండా ఉన్నారా?"

"నో."

"ఎప్పుడైనా, ఏ పోలీసైనా మిమ్మల్ని అరెస్టు చేయడం గాని, చలానా రాయడం గాని, ఆపి ఉంచడం గాని చేశారా?"

"నో."

అనేశాడు. అతను అనలేదు, నోరు అనేసింది. ఆదివారాల నోరు. ఆవిడ పెన్ను కిందికి దిగింది.

"ఎప్పుడైనా ఎవరినైనా హింసించారా?"

"నో."

తండ్రి నవ్వు కళ్ళముందు కనబడింది. ఫొటోకి నవ్వమంటే నవ్విన నవ్వు. నవ్వించినవాడు ఎవడో, పళ్ళు మాత్రం తండ్రివి. ఆ ఫొటో చూపించే కదా, చూడండి సంతోషంగా వెళ్ళాడు అన్నారు! ఇప్పుడు ఈ నో ఎవరిది? ఖేమ్ సార్‌దా? ఆయన హాల్లో టై సర్దుకుంటున్నాడు. ఎత్తిన చెయ్యి తనది.

"ఎప్పుడైనా..."

"మేడం, ఆగండి." దేవీచరణ్ బల్ల అంచు పట్టుకున్నాడు. "వెనక్కి. పోలీసు ప్రశ్న. అది నో కాదు. ఎస్."

పెన్ను ఆగింది. ఆవిడ కళ్ళజోడు తీసి చూసింది. ఇందాకటి మొహం కాదది.

"మీ ఫారంలో నో అని ఉంది. ఇప్పుడు ప్రమాణం చేసి కూడా నో అన్నారు. ఏది నిజం?"

"ఎస్ నిజం."

"మరి నో అని ఎందుకన్నారు?"

అతనికొచ్చిన ఇంగ్లీషంతా కలిపి వెతికితే ఒక్క మాట దొరికింది. "భయం."

"ఈ ఫారం మీరే నింపారా?"

వచ్చింది. ఖేమ్ సార్ చెప్పిన ప్రశ్నే వచ్చింది. దేవీచరణ్ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"మా సార్ నింపారు. సంతకం నాది. చదవకుండా పెట్టాను. తప్పు నాది."

ఆవిడ ఆ మాట రాసుకుంది. "పోలీసు ఏం చేశాడో చెప్పండి."

చెప్పాడు. స్టాప్ బోర్డు, చలానా, నో సైన్. సంకెళ్ళకి మాట దొరక్క లేచి నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టి మణికట్లు కలిపి చూపించాడు. ఆ గదిలో, ఆ జెండా పక్కన, తనంతట తనే ఖైదీలా నిలబడ్డాడు. ఎందుకు పెట్టనన్నారు అంది. "మా నాన్న భూటాన్లో పెట్టాడు. చదవలేదు. దేశం పోయింది." అంతకన్నా రాలేదు. సంచి విప్పి చలానా, జరిమానా కట్టిన రసీదు, దానికి పిన్ను కొట్టిన కోర్టు ముద్ర కాగితం బల్లమీద పెట్టాడు.

ఆవిడ అవన్నీ తీసుకుని బయటికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

దేవీచరణ్ నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. వెళ్ళినావిడ ఎవరిని తీసుకొస్తుంది? ఆ వచ్చేవాడి నడుముకి ఏముంటుంది? విమానంలో కిటికీ పక్కన కూర్చోబెడతారా? పవిత్ర ఎవరి మీద పడి ఏడుస్తుంది? నో అనేసి నోరు మూసుకుని ఉంటే ఈపాటికి హాల్లో నవ్వుతూ ఉండేవాడు. సంచిలో మిగిలిన రసీదులు వరసగా పేర్చుకుంటూ నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. ఆవిడొక్కతే వచ్చింది.

ఆ 'నో' మీద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ఎస్ అని రాసి, అంచులో ఏదో పొడుగ్గా రాసింది. ఫారం అతనివైపు తిప్పి, "దిద్దిన ప్రతిచోటా, ఆఖర్నా సంతకం పెట్టండి" అని పెన్ను చాచింది.

దేవీచరణ్ పెన్ను అందుకోలేదు.

"మేడం, ముందు చదువుతా."

ఆవిడ గోడ గడియారం చూసింది. బయట హాలు నిండా జనం. అతను మళ్ళీ అన్నాడు. "చదివి పెడతా."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకుంది. "చదవండి."

వేలు పెట్టి చదివాడు. మాట మాట కూడబలుక్కుంటూ చదివాడు. మొదటి పేజీలో అతని పేరు, పుట్టిన దేశం. అంచులో ఆవిడ రాసింది రెండుసార్లు చదివాడు. "అడగకుండానే తనంతట తానుగా సరిదిద్దుకున్నాడు" అని ఉంది. ఒకచోట ఒక మాట తెలీక అడిగితే ఆవిడ చెప్పింది. అంతా అయ్యాక పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. అక్షరాలు వంకర పోలేదు.

ఆవిడ ఇంకో కాగితం తీసి, ఒక గడిలో టిక్కు కొట్టి అతని ముందు పెట్టింది. దాన్నీ వేలు పెట్టి చదివాడు. దరఖాస్తు ఆమోదానికి సిఫారసు చేస్తున్నామని ఉంది. మళ్ళీ చదివాడు. చెప్పకపోయినా మీకు తెలిసుండేదా అని అడగాలనిపించింది. అడగలేదు.

హాల్లోకి రాగానే ఖేమ్ సార్ ఎదురొచ్చాడు. "ఇంతసేపా? చెప్పేశావా? నా పేరెత్తావా?"

"అడిగితే మీరు నింపారని చెప్పాను సార్."

"ముంచావు కదయ్యా!" సార్ మొహం పాలిపోయింది. గుమ్మంవైపు నడిచాడు. టై భుజం మీదికి ఎగిరింది. ఐతరాజ్ వైపు చూడనైనా లేదు. ఊరంతా ఏడుస్తుందన్న మనిషి, ఊరివాణ్ణి ఒక్కణ్ణి కుర్చీలో వదిలేసి పోయాడు.

లోపల్నుంచి ఐతరాజ్ పేరు పిలిచారు. అతను లేవలేదు.

"దాజు, సంకెళ్ళు కూడా చెప్పావా?"

"చెప్పా."

"ఏమైంది?"

దేవీచరణ్ కాగితం చూపించాడు. ఐతరాజ్ చూశాడు గాని కళ్ళకి అక్షరాలు ఆనలేదు. "నాకు సీటు బెల్టు చలానాలు రెండున్నాయి. ఫారంలో లేవు. ఇంకోటి... ఆ రోజు వ్యాన్లోంచి నేను వెంటనే సాయానికి దిగలేదు దాజు."

"ఫోన్ చేశావుగా. లే."

రెండోసారి పిలిచారు. ఐతరాజ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "దశైఁ సంగతి కూడా చెప్పనా?"

"అడిగితే చెప్పు," అన్నాడు దేవీచరణ్. "సంతకం మాత్రం చదివి పెట్టు. ఎంతసేపైనా సరే, చదువు. నేనిక్కడే ఉంటా."

సంచి ఒళ్ళో పెట్టుకుని ఐతరాజ్ లేచిన కుర్చీలోనే కూర్చున్నాడు.