నాతో చెప్పండి

నరసాపురం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి తొక్కలు ఒలిచిన నాగదుర్గను సూపర్‌వైజరును చేశారు. అందరికంటే ఎక్కువ సంబరపడింది రాజరత్నం. ఒకే బల్లకు ఎదురెదురుగా నిలబడి పనిచేసిన స్నేహం వాళ్ళది.

"ఇంక మన మాట వినే మనిషి ఒకత్తి ఉందే," అంది.

ఆ ఏడాదే కంపెనీ సూపర్‌వైజర్లను రాజమండ్రిలో ట్రైనింగుకి పంపింది. పనివాళ్ళ మాట వినేవాడే నాయకుడనీ, లోపలొకటి బయటొకటి ఉండకూడదనీ అక్కడ ఒకాయన చెప్పాడు. నాగదుర్గ ఆ మాటలు నమ్మింది.

తిరిగొచ్చాక బల్లల దగ్గరికి వెళ్ళి, "కష్టమేదైనా ఉంటే నాతో చెప్పండి. నేను పైవాళ్ళకి చెప్తాను," అంది. అందరూ తలలు వంచుకుని తొక్కలు ఒలుస్తూనే ఉన్నారు. చివరికి చిన్నమ్మాయి అనే ఆమె చేతులు చాపింది. ఐసునీళ్ళలో నాని వేళ్ళ సందులు పుండ్లు పడ్డాయి.

"గ్లౌజులు చిరిగిపోయినా అయ్యే ఏసుకోమంటన్నారండి."

నాగదుర్గ వెళ్ళి మేనేజరు సూర్యప్రకాశం గారికి చెప్పింది.

"ఎవరంటున్నారమ్మా?" ఆయన మెత్తగా అడిగారు.

దాచడం తప్పనుకుని పేరు చెప్పింది.

వారం తిరక్కుండా చిన్నమ్మాయిని తీసెయ్యాలని నిర్ణయించారు. పుండ్లున్న చేతులు తగిలితే సరుకు విదేశాల నుంచి వెనక్కొస్తుందన్నారు.

"నన్ను నమ్మి చెప్పిందండి," అని నాగదుర్గ బతిమాలింది.

"లీడరంటే ఇలాంటివీ చెయ్యాలమ్మా. ఆ మాట నువ్వే చెప్పు. నువ్వంటే వాళ్ళకి గురి కదా."

తాను మానేస్తే ఇంకెవరో కఠినుణ్ణి తెస్తారని మనసుకు నచ్చజెప్పుకుని, వెళ్ళి చెప్పింది. చిన్నమ్మాయి తిట్టలేదు. టోపీ తీసి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి నాగదుర్గ వస్తే బల్లల దగ్గర మాటలు ఆగిపోయేవి. పోట్లాడి కొత్త గ్లౌజులు తెప్పించినా ఎవరూ పలకరించలేదు. రాజరత్నం కూడా ఆమెను 'మీరు' అనడం మొదలుపెట్టింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, సరుకును గడ్డకట్టించే యంత్రాల అమ్మోనియా గొట్టం పగిలింది. ఆడవాళ్ళు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ బయటికి పరుగెత్తారు. గొట్టం పక్కనే ఉన్న రాజరత్నం పడిపోయింది. నాగదుర్గ తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళి ఆమెను ఈడ్చుకొచ్చింది. ప్రాణం దక్కింది. చూపు దక్కలేదు.

ఆస్పత్రిలో రాజరత్నం మంచం పక్కన కూర్చుని నాగదుర్గ అడిగింది. "వాసన ముందే వచ్చిందా?"

"పొద్దుట్నుంచీ వత్తానే ఉందండి. అందరికీ తెలుసు."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదే."

"మాకెందుకొచ్చిన గొడవని ఊరుకున్నామండి."

ఆ గొంతులో కోపం లేదు. నాగదుర్గ ఆమె చెయ్యి పట్టుకుంటే, రాజరత్నం మెల్లిగా దాన్ని దుప్పటి కిందికి లాక్కుంది.

గొట్టం బాగుచేసి ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. ధైర్యం చూపినందుకు నాగదుర్గను షిఫ్టు ఇన్‌చార్జిని చేశారు. మొదటిరోజు ఆమె బల్లల మధ్య నడుస్తూ, వాసనేమైనా వస్తోందా అని ఒక్కొక్కరినీ అడిగింది.

"లేదండి," అన్నారు అందరూ, తలలెత్తకుండా.

ఆ మాట నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు.