ఏ పిడి తిప్పాలి

అద్దకం కార్ఖానాలో ఆవిరి గొట్టం పగిలినప్పుడు మేమందరం అక్కడే ఉన్నాము. ఆవిరిని ఆపే పిడులు చేతికందే దూరంలోనే ఉన్నాయి. ఏది తిప్పాలో ఎవరికీ తెలియదు. ఒకడు తెగించి ఒకటి తిప్పాడు, ఆవిరి రెట్టింపయింది. రంగుతొట్టి దగ్గర పనిచేసే ఒక తల్లి మా కళ్ళ ఎదుటే ఉడికిపోయింది.

తెలిసినవాడు ఒక్కడే, బాయిలర్ పెద్దాయన. ఆమెకు తోడబుట్టిన అన్న. మోతకూలి మిగుల్చుకోవడానికి కంట్రాక్టరు ఆ పూట ఆయనను గోదాములో మూటలు మోయడానికి పంపాడు. ఇప్పుడు ఆ కంట్రాక్టరే వచ్చి శవాన్ని చూసి, "తొట్టి కడగండి" అన్నాడు.

ఒకరి పని మరొకరికి నేర్పితే ఉద్యోగం ఊడుతుందన్నది అతని శాసనం. దానిని ఇష్టపడి పాటించడం మా పాపం. పెద్దాయన వీపు అడ్డుపెట్టి పిడులు తిప్పేవాడు. రంగులవాడు గడియ వేసుకొని రంగులు కలిపేవాడు. పరమాత్మ గాలికీ వెలుగుకూ వేయని కంచెను మేము విద్యకు వేశాము. పక్కపక్కనే పనిచేస్తూ పగవారిలా బతికాము. పని ముగిశాక ఏ ముఖంలోనూ తృప్తి ఉండేది కాదు.

ఆమెను కాటికి సాగనంపి గేటు ముందర కూడాము.

"పిడులు నేర్పుతా, రండి," అన్నాడు పెద్దాయన.

"నేర్పు బాబాయ్, నేర్పు! సగం కూలికి ఒప్పుకున్నోడు రేపు నీ చోట కూర్చుంటాడు," రంగులవాడు వెక్కిరించాడు. "నోటికాడ కూడు నువ్వే తీసి పెడతావా?"

"అందరికీ వస్తే ఎవర్ని తీసేస్తాడ్రా?" మూటలు మోసే అవ్వ కసిరింది. "నీ రంగుల గుట్టు నీతో కాటికొస్తుందా?"



మరునాడు పెద్దాయన మా అందరి చేతా పిడులు తిప్పించాడు. రంగులవాడు గడియ తీసి, "రండి, నీలం ఎందుకు విరిగి మచ్చలు కడుతుందో చూద్దురు," అని పిలిచాడు. ఏళ్ళుగా మోసిన గుడ్డ రంగెలా పట్టుకుంటుందో అప్పుడు చూశాము. ఈ పని మాది అనిపించింది. అంత దుఃఖంలోనూ, సిగ్గుపడుతూనే, సంతోషించాము.

మధ్యాహ్నానికి కంట్రాక్టరు పిలిపించిన పోలీసులు వచ్చారు. యంత్రాలు పాడుచేశాడని పెద్దాయనను ఈడ్చుకుపోయారు. మమ్మల్ని బయటికి నెట్టి గేటు వేశారు. లారీలో కొత్త కూలీలను దింపారు, మాకన్నా బక్కచిక్కినవారు.

"కొట్టండ్రా వాళ్ళని!" రంగులవాడు రాయి అందుకున్నాడు.

అవ్వ వాడి మణికట్టు పట్టుకుంది. గేటు కమ్మీలకు ముఖం ఆనించి, బాయిలర్ వైపు నడుస్తున్న కొత్తవాణ్ణి పిలిచింది.

"ఒరే నాయనా! గొట్టం ఆవిరి చిమ్మితే పైపిడి ముట్టకు, చస్తారు. గోడవైపు కిందది కుడికి తిప్పు. విన్నావా?"

"దాంతో మాటలేంటి? లోపలికి నడు!" కంట్రాక్టరు గద్దించాడు.

కొత్తవాడు ఆగాడు. తనతో వచ్చినవారిని ఒకసారి చూసుకున్నాడు. కమ్మీల దగ్గరికి వచ్చాడు.

"ఇంకాస్త గట్టిగా చెప్పవ్వా. మావాళ్ళందరూ వినాలి."

ఈసారి మేమందరం చెప్పాము.