పచ్చరంగు నెయ్యి

కొత్తపేట హైస్కూల్లో సైన్సు మేష్టరు గౌరీశంకరానికి తెలిసిన సంగతి నలుగురికీ చెప్పందే నిద్రపట్టదు. ఆ శివరాత్రికి స్నేహితుడు పాపారావు గంజాయి ఆకు నూరి పాలల్లో కలిపితే, తాగినవాళ్ళెవరికీ ఏమీ కాలేదు. అందరూ పాపారావుని ఏడిపిస్తుంటే శంకరం ఊరుకోలేకపోయాడు.

"పచ్చి ఆకులో ఉండేది ఆమ్లమోయ్. వేడి తగిలి, అందులోంచి బొగ్గుపులుసు వాయువు పోతే గానీ మత్తు కాదు" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. భార్య బాలసరస్వతి పేరంటానికి వెళ్ళిన సమయం చూసి, మిగిలిన ఆకు వేయించి నేతిలో కాచాడు. వడగట్టి వంటింటి అటక మీద దాచాడు, ఆదివారం పేకాటలో తన మాట నెగ్గించుకుందామని.

శనివారం మామగారు శ్రీరామచంద్రమూర్తి అమలాపురం నుంచి వచ్చారు. పేరున్న ఘనపాఠి. సాయంత్రం ఊళ్ళో వేదసభ. శంకరం బడి నుంచి తిన్నగా సభకే వెళ్ళాడు.

వేదంలో ఒక పనస చెబుతూ మధ్యలో మామగారు ఆగిపోయారు. మళ్ళీ ఎత్తుకున్నారు, మళ్ళీ అక్కడే తప్పారు. ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టారు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. చివరికి కళ్ళనీళ్ళు కారుతుండగా ఇద్దరు పట్టుకుని కిందికి దింపారు.

"పాపం, మతి చలించింది" అన్నారెవరో.

ఇంటికొచ్చాక బాలసరస్వతి ఏడుస్తూ చెప్పింది. "మధ్యాహ్నం సుబ్బరంగా భోంచేసేరండీ. అటక మీద నెయ్యి కనబడితే, మునగాకు వేసి కాచినట్టుంది, ఆ రంగేనని, పప్పన్నంలో నిండా వేసేను."

"ఎండదెబ్బ అయ్యుంటుంది" అన్నాడు శంకరం. ఆ మాట తనకే అసహ్యంగా వినబడింది. ఆమె పక్కకి వెళ్ళగానే ఆ నేతిగిన్నె తీసుకెళ్ళి పెంటమీద బోర్లించాడు.

మర్నాడు బస్సుకి బయల్దేరుతూ మామగారన్నారు: "నేనేదో పాపం చేసేను శంకరం. వేదం నన్నొదిలేసింది. ఇక నోరెత్తను."

దారిలో, కాలవగట్టు మీద, శంకరం ఆయన కాళ్ళు పట్టుకుని జరిగిందంతా చెప్పాడు. పెద్దాయన కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"అయితే నాకేం కాలేదన్నమాట."

"లేదండీ. పాపం నాది. సభవారందరికీ నేనే చెప్పేస్తానండీ."

"చెబితే నీ ఉద్యోగం ఉంటుందా? అదటుంచు. వడ్డించింది నా కూతురు. దానికి తెలిస్తే ఆ చెయ్యి నరుక్కుంటుంది. నోరు మూసుకో."

అది కోపమో దయో శంకరానికి తెలియలేదు. కొట్టినా బాగుండుననిపించింది.

ఆయన అమలాపురంలో వీధరుగు మీద మళ్ళీ వల్లె వేసుకుంటున్నారని కబురొచ్చింది. కొత్తపేట సభకి మాత్రం ఆ పైన ఆయన్నెవరూ పిలవలేదు. కారణం అడిగినవాళ్ళతో ఆయన "పెద్దతనం" అనేవారట. బాలసరస్వతి నిజమే అనుకుని, పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా తండ్రికి చంటిపిల్లాడికి చెప్పినట్టు ప్రతిదీ రెండుసార్లు చెప్పేది. ఆయన బుద్ధిగా తలూపేవారు.

మరుసటేడు సభ పెద్దొకరు బజార్లో ఎదురై అడిగారు. "మీ మామగారికి మతి కుదుటపడిందాండీ మేష్టారూ?"

"ఆయ్, ఇప్పుడు నయమేనండీ" అన్నాడు శంకరం, చెప్పుల కేసి చూసుకుంటూ.