చప్టా దగ్గర సైరన్

అడవి వాగుల్లో నీటిమట్టం కొలిచే సెన్సర్లు నిమిషానికోసారి పంపే మెసేజ్‌లు ఖమ్మంలోని ఒక చిన్న కంపెనీ లినక్స్ సర్వర్‌కు చేరేవి. నీళ్లు ఎర్రగీత దాటితే, జనం వాగు దాటే సిమెంటు దారి అయిన చప్టా దగ్గర సర్వర్ సైరన్ మోగించేది. ఆ ప్రోగ్రాం మనోజ్ఞ చేతిలో ఉండేది.

సెన్సర్లు వందకు చేరేసరికి సర్వర్ మొరాయించసాగింది. వచ్చిన ప్రతి మెసేజ్‌కూ విడిగా పనిచేయడమే అందుకు కారణమని మనోజ్ఞ కనిపెట్టింది. అరవై నాలుగు పోగయ్యాక అన్నిటినీ ఒకేసారి పరిశీలించేలా మార్చింది. భారం పదోవంతుకు తగ్గింది. మేనేజర్ సాంబమూర్తి అందరి ముందూ మెచ్చుకున్నాడు.

జూలైలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున జూలూరుపాడు అవతల సెల్ టవర్లు ఆగిపోయి, ఆరు సెన్సర్లే మిగిలాయి. తొమ్మిదీ పదికి అందులో ఒకటి, వాగు గీత దాటిందని చెప్పింది. ఆరే పంపుతుండటంతో అరవై నాలుగు పోగవడానికి పది నిమిషాలు పట్టింది; అందాకా ఆ మెసేజ్ సర్వర్‌లోనే ఉండిపోయింది. సైరన్ తొమ్మిదీ ఇరవైకి మోగింది. అప్పటికే, పత్తి చేనుకు బయలుదేరిన దస్రు అనే రైతు చప్టా మధ్యలో కొట్టుకుపోయాడు. శవం రెండు రోజులకు దొరికింది.

సర్వర్ లాగ్‌లో నమోదైన ఆ రెండు సమయాలూ మనోజ్ఞ చూసింది. ప్రమాదం మెసేజ్ ఆగకుండా పోవాలంటే రెండు లైన్లు రాస్తే సరిపోయేది. వంద సెన్సర్లూ పనిచేస్తుండగానే పరీక్షించింది తప్ప, చాలావరకు ఆగిపోతే ఏమవుతుందో ఆలోచించలేదు.

"రిపోర్టుల టవర్లు పడ్డయని రాయమ్మా, అబద్ధం కాదు గదా," అన్నాడు సాంబమూర్తి.

"పడ్డయి సార్. కానీ ఆ మెసేజ్ మనదాకా వచ్చింది. ఆపింది నేనే."

"గట్ల రాస్తే నీ ఉద్యోగం పోతది. ఆయన తిరిగొస్తడా?"

ఉన్నదున్నట్టు రాసిచ్చి, ఆమె దస్రు ఊరికి వెళ్లింది. అతని భార్య గంగక్క గడపలో కూర్చుని ఉంది. జరిగిందంతా విన్నది.

"సైరన్ లేనప్పుడు ఒడ్డున నిలవడి, కట్టె గుచ్చి చూసి దాటేటోడు," అంది. "మోగకపోతే భయం లేదని మీరే చెప్పిన్రు. ఆ దినం వాగు దిక్కు చూడకుంటనే దిగిండు."

ప్రోగ్రాం సరిచేశానని చెబుదామనుకుంది మనోజ్ఞ. అంతలోనే గంగక్క లేచి లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు.

ఆ వారమే ఉద్యోగం పోయింది. తర్వాతి వానకు సైరన్ క్షణంలో మోగాల్సింది. ఊరివాళ్లు అప్పటికే దాని తీగలు తెంపేశారు.