అడుగంటిన పాట

ఒట్టేసి చెప్తున్నా, నువ్వు నమ్మవు. నమ్మకపోతే నాకేం నష్టం? ఆ రాక్ బ్యాండుకి లోకంలో అందరికంటే ముందు చప్పట్లు కొట్టిన చేతులివి. కావాలంటే చూస్కో, ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఇప్పుడంటే గోడల నిండా వాళ్ల బొమ్మలేగానీ, అప్పట్లో వాళ్లు వాయించింది వాళ్లమ్మ వంటింట్లో. అక్క పాడేది. తమ్ముడిది గిటారు. అక్క మొగుడు పొద్దంతా టైర్లకి పంక్చర్లు వేసి, సాయంత్రం చేతులు కడుక్కొచ్చి డ్రమ్స్ ముందు కూర్చునేవాడు. ఇక బేస్ గిటారు వాయించేది కటింగ్ షాపాయన. మనిషి కరెంటు స్తంభమంత, అందుకే పొడుగాయన అనేవాళ్లు. పిలిస్తే తలూపేవాడు, అంతే. నోరు తెరిచేది తినడానికే.

అమ్మది ఒకటే పట్టు. "నా వంటింట్లో మిగిలిందేదీ పారెయ్యకూడదు. మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి!" కూర మిగిలితే కూర, పాట మిగిలితే పాట. స్టీలు డబ్బాలో పెట్టి గట్టిగా మూతేస్తే వారమైనా తాజాగా ఉండేది. మూత తీస్తే అక్క గొంతుతో సహా ఆవిరిలా లేచేది.

మొదటి కచేరీకి డబ్బా తీసుకెళ్లి, వెచ్చబెట్టకుండా అలాగే తెరిచేశారు. చల్లటి పాట! ముందు వరసంతా తుమ్ములే తుమ్ములు. ఒకావిడ మొగుడి కోటు లాక్కుని కప్పుకుంది.

"పొయ్యి మీద పెట్టాలని తెలీదట్రా, తిన్న తిండి ఏమవుతోంది?" అని అమ్మ తమ్ముడి నెత్తిన ఒక్కటి మొట్టింది.

సరే, రికార్డింగ్ రోజున పొయ్యి మీద పెట్టారు. పెట్టి, అక్కా తమ్ముడూ తగువేసుకున్నారు.

"మంట నువ్వు తగ్గిస్తావనుకున్నా!"

"నేను పాడాలా, నీ పొయ్యికి కాపలా కాయాలా?"

ఈలోపు పాట అడుగంటింది. మాడు వాసన, గొంతంతా జీర. ఇంకోటి లేక అదే రికార్డు చేశారు. ఊళ్లకి ఊళ్లు వెర్రెత్తిపోయాయి! ఇప్పుడు ఆ జీర కోసం పెద్ద పెద్ద బ్యాండ్లు గిన్నెలు మాడ్చుకుంటున్నాయిగానీ, వీళ్లు మాడ్చినట్టు వస్తుందా?

అలా పేరొచ్చాక, పెద్ద మైదానంలో కచేరీ. ఇసకేస్తే రాలనంత జనం. సరిగ్గా ఆ రోజే అక్క గొంతు పట్టేసింది. గాలి తప్ప మాట రాదు. రికార్డు కంపెనీ పెద్దమనిషి తేల్చి చెప్పేశాడు. "నువ్వివాళ పాడకపోతే, ఇక ఎప్పటికీ నీ చోట్లో వేరే అమ్మాయి పాడుతుంది."

అక్క మొగుడు అమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "అత్తయ్యా, డబ్బాల్లో ఏమైనా మిగిలిందా?"

"ఒక్కటుంది అల్లుడూ, వెచ్చబెట్టి తెచ్చా. మూత తీస్తే చాలు, అమ్మాయి పెదాలు కదుపుతుంది" అని అమ్మ వెనక్కి తిరిగేసరికి, పొడుగాయన చెంచా నాకుతున్నాడు.

"తినేశావా!"

"కూరనుకున్నానమ్మా" అన్నాడు పొడుగాయన. "ఉప్పు కాస్త తక్కువైంది."

అక్క కూలబడిపోయింది. కంపెనీ ఆయన కొత్త అమ్మాయిని తేవడానికి వెళ్లాడు. బయట జనం ఈలలు, కేకలు. ఇంకేం చేస్తారు? అక్కని రెక్క పట్టుకుని స్టేజీ ఎక్కించి, మొగుడు డ్రమ్స్ మొదలెట్టాడు. పొడుగాయన బేస్ భుజానికి తగిలించి, బ్రేవ్‌మని తేన్చాడు.

ఆ తేన్పులోంచి పాట లేచింది. గుబురు మీసం కింద నుంచి అక్క గొంతు!

జనం ఊగిపోయారు. అక్క కాసేపు గుడ్లప్పగించి చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వీ నవ్వీ గొంతులో పట్టు టక్కున వదిలింది. "ఒరే పొడుగూ, నా గొంతుతో తేన్చకురా!" అని మైకులోనే అరిచి, రెండో చరణం తను అందుకుంది. ఒకటే గొంతు, రెండు నోళ్లు.

కంపెనీ ఆయన వెతికి వెతికి చూస్తే, కొత్త అమ్మాయి జనంలో గెంతుతోంది.

అక్క చోటు అక్కదే అయింది. పక్కన ఇంకో మైకు పెట్టారు, మూరెడు ఎత్తుగా. పొడుగాయనకి ఆ పాట ఇప్పటికీ అరగలేదు. షాపులో కత్తెరాడిస్తూ అక్క గొంతుతో పాడుతుంటే, జుట్టు పెరగనివాళ్లు కూడా వచ్చి కూర్చుంటున్నారు.

ఏంటా నవ్వు? అబద్ధమంటావా? నిరూపించు. సగం మీసం తీయించుకుని ఊరంతా తిరుగుతా!