బ్లాక్ యాష్ రికార్డ్స్, ఆషర్‌విల్

తెల్లవాళ్ళ ప్రభుత్వం నిషేధాలు ఎత్తేసి, జైళ్ళలోంచి నల్లవాళ్ళ నాయకులను వదిలిన ఏడాది, ఇండియన్ల పేట ఆషర్‌విల్‌లో కీత్ ఒక రికార్డు కంపెనీ పెట్టాడు. కంపెనీ అంటే వాళ్ళ నాన్న పోయాక ఖాళీగా పడున్న గరాజు. గోడలకు గుడ్ల అట్టలు, పాత పరుపులు కొట్టి, పగలు రేడియోలు బాగుచేసే షాపులో పనిచేస్తూ సాయంత్రాలు అక్కడ కూర్చునేవాడు. చెరకు కోతకు ముందు తోటలు తగలబెడితే నల్లటి నుసి గాలికి కొట్టుకొచ్చి, ఆరేసిన బట్టల మీద పడుతుంది. ఆ నుసి పేరే పెట్టాడు: బ్లాక్ యాష్.

గిటార్లు రంపాల్లా కోస్తూ, పాడేవాడు గొంతు చించుకునే హెవీ మెటల్ తప్ప వేరేది వేయనని కీత్ పట్టుబట్టాడు. ఏ రేడియో స్టేషనూ ఆ పాటలు వేయలేదు. సిడెన్‌హామ్ హాల్లో కచేరీ పెడితే నల్ల చొక్కాల కుర్రాళ్ళు ఓ వందమంది వచ్చేవాళ్ళు. క్యాసెట్లు కీత్ చేత్తోనే తయారయ్యేవి. అట్టలు జిరాక్సు తీసి, కత్తిరించి, మడిచేవాడు.

తల్లి డేజీకి ఇదంతా గుండెల మీద కుంపటి. పెళ్ళయ్యాక పెంతెకోస్తు సంఘంలో చేరి బాప్తిస్మం తీసుకున్న మనిషి. చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వచ్చిన తాతల నాటి తెలుగు ఆవిడ నోట్లో ప్రార్థనకూ తిట్లకూ వంటకూ సరిపడా మిగిలింది.

"ఏటి గోలరా నైనా అది? గాడ్ వినే మ్యూజిక్కేనా?" అనేది.

"గాడ్‌కి చెవులు గట్టివేలే, మా," అని నవ్వేవాడు కీత్.

ఆ గరాజుకు వచ్చినవాళ్ళలో సిబోనిసో ఒకడు. ఇనాండా అనే నల్లవాళ్ళ బస్తీ నుంచి టాక్సీలు మారి వచ్చే జూలూ కుర్రాడు. గిటారు పట్టుకుంటే మిగతావాళ్ళంతా ఆగి చూసేవాళ్ళు. మొదట్లో డేజీ అతన్ని చూస్తే వంటింటి తలుపు వేసుకునేది. ఎనభై అయిదులో ఇనాండాలో ఇండియన్ల మీద అల్లర్లు రేగినప్పుడు ఆవిడ అన్న కొట్టూ ఇల్లూ తగలబడ్డాయి. ఆ తరువాత ఆవిడ ఆ దారి తొక్కలేదు. కానీ వచ్చినవాడికి అన్నం పెట్టకుండా ఉండలేకపోయింది. సిబోనిసో షుగర్ బీన్స్ కూర గిన్నె తుడిచి మరీ తినేవాడు. నెమ్మదిగా, వినీ వినపడనట్టు మాట్లాడేవాడు.

"ఈ పిలగాడేనా లోపల అంత గోల చేసేది?" అని డేజీ ఆశ్చర్యపోయేది.

రెండేళ్ళు కష్టపడి సిబోనిసో గిటారుతో, ట్రెవర్ అనే స్నేహితుడి గొంతుతో ఒక ఆల్బమ్ పూర్తిచేశారు. బ్లాక్ యాష్ తెచ్చినవాటిలో అదే గొప్పదని కీత్ నమ్మకం. అసలు టేపులు చెప్పుల పెట్టెల్లో పెట్టి అలమారా పైన దాచాడు. కాపీలు కొన్ని పంచాడు, కొన్ని షాపుల్లో ఇచ్చాడు.

తొంభై నాలుగు మార్చిలో, అందరికీ ఓటు ఇచ్చిన మొదటి ఎన్నికలు ఇంకా జరగకముందే, ఇనాండాలో టాక్సీ దిగి ఇంటికి నడుస్తున్న సిబోనిసోను ఎవరో కాల్చేశారు. అతను ఏ పార్టీవాడూ కాదు. ఎవరు కాల్చారో, ఎవరనుకుని కాల్చారో ఎవరూ తేల్చలేదు. పార్టీల కొట్లాటలతో నిండిన ఆ రోజుల్లో అలాంటి చావులు పేపర్లో ఒక మూలన రెండు వాక్యాలయ్యేవి.

కీత్ గరాజులోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. పనికి పోలేదు. తిండి తలుపు దగ్గరే చల్లారిపోయేది. లోపల అదే టేపు, అదే గిటారు, మళ్ళీ మళ్ళీ. డేజీ తలుపు కొట్టి కొట్టి అలిసిపోయి పాస్టర్ జెరాల్డ్ దగ్గరికి వెళ్ళి ఏడ్చింది.

"చచ్చినవాడి పాట ఇంట్లో ఉంచుకుంటే బతికున్నవాణ్ణి లాక్కుపోతుంది, సిస్టర్," అన్నాడాయన. "నీ కొడుకు కావాలంటే ఆ టేపులను ఇంట్లోంచి తీసెయ్యి."

అంత్యక్రియల రోజున కీత్ స్నానం చేసి, నల్ల కోటు వేసుకుని ఇనాండా వెళ్ళాడు. కారు మలుపు తిరిగిందో లేదో సంఘం ఆడవాళ్ళు వచ్చారు. పెరట్లో చెత్త కాల్చే డ్రమ్ములో చెప్పుల పెట్టెలు, మిగిలిన క్యాసెట్లు అన్నీ వేసి, పాటలు పాడుతూ నిప్పంటించారు. డేజీ చేత్తోనే గీసింది అగ్గిపుల్ల.

కీత్ తిరిగొచ్చేసరికి ప్లాస్టిక్ కమురు వాసన. డ్రమ్ములోకి తొంగిచూశాడు. కరిగి ముద్దయిన నల్లటి పదార్థం ఇంకా పొగలు కక్కుతోంది.

"నీ కోసమేరా నైనా," అంది డేజీ. "నువ్వు చచ్చిపోతావని భయమేసింది."

కీత్ ఆవిడను దాటుకుని ఇంట్లోకి వెళ్ళాడు. ఏప్రిల్‌లో ఓటు వేయడానికి తల్లీ కొడుకూ ఒకే వరుసలో పొద్దంతా నిలబడ్డారు. ముందూ వెనకా జనం నవ్వుతున్నారు, పాడుతున్నారు, నీళ్ళసీసాలు పంచుకుంటున్నారు. వాళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

చలికాలంలో ఒక ఉదయం ఎవరో తలుపు తట్టారు. తలకు నల్లగుడ్డ కట్టుకున్న పెద్దావిడ. సిబోనిసో తల్లి మాంబాతా. కీత్ పనిలో ఉన్నాడు. డేజీ ఆవిడను వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కొంత జూలూ, కొంత ఇంగ్లీషు కలిపి ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"నా కొడుకు ఫోటోలున్నాయి. శబ్దం లేదు," అంది మాంబాతా. "మీ ఇంట్లో మెషీన్‌లో ఉందని చెప్పేవాడు. ఒక్కసారి విని పోతాను."

డేజీ అబద్ధం చెప్పొచ్చు. పోయిందనో, కీత్‌కే తెలుసనో అనొచ్చు. కానీ ఎదురుగా ఉన్న మనిషి రెండు చేతులతో కప్పు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నేను కాల్చేశా, మా," అంది. "మీరు మట్టి వేస్తున్న పొద్దునే."

మాంబాతా కప్పు బల్ల మీద పెట్టేసింది. టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి డేజీ వెతకడం మొదలుపెట్టింది. సైతాను పాటలని తను తిట్టిన క్యాసెట్టు కోసం టౌనులో షాపు షాపు తిరిగింది. నల్ల చొక్కా కుర్రాళ్ళు కనిపిస్తే ఆపి అడిగింది. చాలామంది పారేశారు, కొందరు పాస్టర్ మాట విని తామే కాల్చేశారు. చివరికి అవోకాలో రానీ అనే కాలేజీ అమ్మాయి దగ్గర ఒకటి దొరికింది. అయితే ఒక వైపంతా చర్చి కాయిర్ పాటలు రికార్డు చేసేసింది. రెండో వైపు మాత్రం మిగిలింది.

డేజీ దాన్ని కొడుకు ముందు బల్ల మీద పెట్టింది. "ఇనాండా పోదాం. కారు తోలు," అంది.

మాంబాతా వాళ్ళను లోపలికి రమ్మంది కానీ నవ్వలేదు. చిన్న గదిలో కీత్ టేప్‌రికార్డర్ నొక్కాడు. గిటార్లు, డ్రమ్ములు, ట్రెవర్ కేకలు ఒక్కసారిగా గది నింపేశాయి. మాంబాతా కలవరపడి అటూ ఇటూ చూసింది.

"ఇందులో నా కొడుకేడి?"

కీత్ ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సిబోనిసో గిటారు వచ్చినప్పుడల్లా చెయ్యి ఎత్తాడు, ఆగినప్పుడు దించాడు. ఆవిడ ఆ చేతివంకే చూస్తూ విన్నది. పాట అయ్యాక అడిగింది:

"వాడికి ఇంత కోపం ఉండేదా? ఇంట్లో ఎప్పుడూ గట్టిగా కూడా మాట్లాడలేదే."

"కోపం కాదు, మా. వాయించేటప్పుడు నవ్వేవాడు," అన్నాడు కీత్. అప్పుడు ఏడ్చాడు, చావు జరిగాక మొదటిసారి.

బయలుదేరే ముందు, కాపీ తీసుకుని రేపే తెచ్చిస్తానని క్యాసెట్టు అడిగాడు. మాంబాతా దాన్ని కోటు జేబులో పెట్టుకుంది.

"ఒకసారి మీ ఇంట్లో ఉంది కదా," అంది. "ఇక ఇక్కడే ఉండనీ."

కీత్ ఖాళీ టేప్‌రికార్డర్ మోసుకుని కారెక్కాడు.

బ్లాక్ యాష్ ఇంకో క్యాసెట్టు తేలేదు. దేశం మీద ఉన్న ఆంక్షలు పోయి విదేశీ రికార్డులు షాపుల నిండా వచ్చాయి. కుర్రాళ్ళు అవి కొనుక్కున్నారు. ట్రెవర్ జొహన్నెస్‌బర్గ్ వెళ్ళిపోయాడు. కీత్ సముద్రం ఒడ్డున ఒక హోటల్లో పెళ్ళిళ్ళకు మైకులు పెట్టే పనిలో చేరాడు.

డేజీ మాత్రం ఆదివారం చర్చి అయ్యాక అప్పుడప్పుడూ ఇనాండా తీసుకుపొమ్మనేది. ఇద్దరు తల్లులూ ఆ గదిలో కూర్చుని క్యాసెట్టు పెట్టుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు సిబోనిసో గిటారు ఎక్కడ మొదలవుతుందో డేజీకి కూడా తెలిసిపోయింది. కీత్ లోపలికి వెళ్ళేవాడు కాదు. ఆ గిటారు చెవిన పడకుండా కారు అద్దం పైకెత్తుకుని, పాట అయిపోయేదాకా బయటే కూర్చునేవాడు.