పట్టు వదిలే చప్పుడు

తడి దుప్పట్ల బకెట్టు ఎత్తినప్పుడల్లా ఆ చప్పుడు వినిపించేది. టక్. గోరుతో గోరు మీటినంత చిన్నది. వంటగది గుమ్మం పక్కన కుర్చీలో అత్తయ్య సరిగ్గా అప్పుడే కదిలేది కాబట్టి, అది ఆవిడ నడుములోంచే అనుకునేదాన్ని.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. నా ఉద్యోగమే అది వినడం. వెన్నెముకలో బిగించే స్క్రూలను పరీక్షించే ల్యాబ్ మాది. దేహదానం చేసి పోయినవాళ్ల వెన్నుపూసలు పేర్లు లేకుండా నంబర్లతో వస్తాయి. గుల్లబారిన పూసను ఎంచి, స్క్రూ బిగించి, యంత్రానికి తగిలించి ఊడేదాకా లాగుతాను. లావు స్క్రూ, మరలు లోతుగా ఉన్న స్క్రూ, లోపలినుంచి సిమెంటు పోసే బోలు స్క్రూ, ఏది ఎంతదాకా పట్టుకుంటుందో రాస్తాను. ఊడడానికి కాస్త ముందు లోపలెక్కడో టక్‌మంటుంది. స్క్రూకి ఏమీ కాదు, మెరుస్తూ బయటికొస్తుంది. వదిలేసేది ఎముక. ఫారంలో వైఫల్యం అన్న గడిలో కూడా ఎముక అనే రాయాలి. ఎంతసేపు లాగామో ఆ గడి అడగదు.

నెల క్రితం అత్తయ్యకీ నాకూ నడుము నొప్పి ఎక్కువై, ఒకే రోజు ఎముకల స్కాన్ తీయించుకున్నాం. ఇంటిపేరు ఒకటే, పేర్లలో మొదటి అక్షరమూ ఒకటే, రిపోర్టుల మీద వేసేది అంతవరకే. రిపోర్టులు మా ఆయన తెచ్చారు. ఒకటి బాగానే ఉంది, రెండోదాంట్లో ఎముకలన్నీ గుల్ల. ఆయన ఆలోచించే పని కూడా పెట్టుకోలేదు. గుల్లదాని కవరు మీద "అమ్మ" అని, బాగున్నదాని మీద "ఇంట్లో" అని రాసేశారు. నన్ను ఆయన అలాగే అంటారు లెండి.

ఆ రోజునుంచి అత్తయ్యను గ్లాసుడు నీళ్లు కూడా ఎత్తనివ్వలేదు. ఆవిడ పనీ నా మీదే పడింది. నీకేం, ఉక్కులా ఉన్నావు, రిపోర్టే చెబుతోంది అన్నారు ఆయన. ఆడదానికి పట్టూ విడుపూ తెలియాలని ఇరవై ఏళ్లుగా నా వంక చూసి చెప్పిన అత్తయ్య, నేను బకెట్టు ఎత్తే వేళకి కళ్లు మూసుకునేది.

పూస కుంగితే అమ్మకి మీ స్క్రూలు వేయించాలేమో అని ఆయన రోజూ అంటున్నారు. ఏది నిలుస్తుందో చూద్దామని ఇవాళ "అమ్మ" కవరు విప్పాను. స్కాన్ బొమ్మలో నడుము నాలుగో పూస కుడివైపుకి ఒరిగి ఉంది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డాక నా పాత ఎక్స్‌రేలో చూసిన ఒరుగుడే. పైన మూలకి, ఎవరూ చూడని చోట, చిన్న అక్షరాల్లో వయసుంది. నలభై ఆరు. నా వయసు.

నెల్లాళ్లుగా నేను విన్నది నన్నే.

కాగితం తీసుకెళ్లి అత్తయ్య ఒళ్లో పెట్టాను. ఆవిడ దానివైపు చూడలేదు.

"ఆ చప్పుడు నీలోంచేనని నాకు మొదటిరోజే తెలుసమ్మా," అంది. "చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ ఈ ఇంటికొచ్చిన యాభై ఏళ్లలో నన్ను కూర్చోమన్నది ఇదే మొదటిసారి."

కోపం వచ్చింది. చాలా వచ్చింది. అరవడానికి నోరు కూడా తెరిచాను. అప్పుడు చూశాను, ఆవిడ కుర్చీ అంచున కూర్చుని ఉంది, ఎవరైనా పిలిస్తే లేవడానికి సిద్ధంగా. నెల్లాళ్లూ అలాగే కూర్చుందన్నమాట.

ఇంకో కుర్చీ లాక్కొచ్చి పక్కన వేసుకున్నాను. వీపు పూర్తిగా ఆనించాను. నన్ను చూసి ఆవిడా మెల్లగా వెనక్కి జరిగి ఆనుకుంది. బకెట్టు గుమ్మంలోనే ఉండిపోయింది.

లోపల్నుంచి ఆయన కాఫీ అడిగారు. కాసేపాగి మళ్లీ అడిగారు. ఇద్దరం లేవలేదు.

అప్పుడు వినిపించింది, టక్. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాలోంచి కాదు. ఆవిడలోంచీ కాదు. ఇన్నాళ్లూ మేమిద్దరం మోసిన ఇంటి గోడలోంచి.